పదవ తరగతి పిమ్మటి వేసవి

పదవ తరగతి పరీక్షలు మార్చి, ఏప్రిల్ మాసములలో ముగియుటయు, కొలది వారములకే ఫలితములు వెలువడుటయు, జూన్ మాసమున ఇంటర్మీడియేట్ కళాశాలలు తెరచుటయు ఉభయ తెలుగు రాష్ట్రములందును పరిపాటియై యున్నది. ఈ నడుమ బాలబాలికలకు ఇంచుమించుగా రెండు మాసములు చిక్కును. హైస్కూలు వారిని విడిచినది. కళాశాల ఇంకను చేర్చుకొనలేదు. ఐదవయేట పలకబట్టినది మొదలుగా ఏ గంటయు తమ్ము పిలువని దినములు వారి కివియే మొదటివి. పదునైదు, పదునారేండ్ల ప్రాయమున ఏ విద్యను అభ్యసింపవలయునో, ఏ వృత్తివైపు నడువవలయునో నిర్ణయింపవలసిన దినములును ఇవియే. ఈ రెండు మాసము లెవరి సొత్తు? పైకి చిన్నదిగా దోచు ఈ ప్రశ్నకు మన గృహస్థులు ఇచ్చుచున్న సమాధానము మాకు కలవరము కలిగించుచున్నది.

పట్టణములందును, పెద్ద గ్రామములందును జరుగుచున్న తంతు మన పాఠకు లెరుగనిది కాదు. పరీక్షలు ముగియక పూర్వమే, ఒక్కొక్కచోట సంక్రాంతి నాటికే, కళాశాలల ప్రతినిధులు పి.ఆర్.ఓ. అను పేరున గడప గడపకు వత్తురు. పిల్లవాని పేరు, తండ్రి ఫోను నంబరు, ఎన్ని యెకరములు గలవు అను సంగతి వారి పుస్తకమున ముందే యుండును. ఇప్పుడు చేర్చినచో ఫీజులో తగ్గింపు కలదనియు, ఫలితములు వచ్చిన పిమ్మట ఈ అవకాశ ముండదనియు చెప్పుదురు. తండ్రి బయానా చెల్లించును. పరీక్షలు ముగిసిన కొలది దినములకే పిల్లవాడు పెట్టెయు, పరుపును గొని హాస్టలు చేరును. అచ్చట ‘బ్రిడ్జి కోర్సు’ అను పేర ఇంటర్మీడియేట్ పాఠములు ఎండకాలముననే ఆరంభమగును. తనకు గణిత మిష్టమో, జీవశాస్త్ర మిష్టమో, వాణిజ్య మిష్టమో వాని నెవ్వరును అడుగలేదు. మార్కులు తెలియకమునుపే గ్రూపు నిర్ణయమైనది. ధాన్యమును కళ్లమున కొలువకమునుపే బేరము ముగించిన రైతును చూచి నవ్వు మనము, కొడుకు విషయమున అదే పని చేసి గర్వించుచున్నాము.

ఈ ముందంజవలన లాభమేమో లెక్క చూతము. ఇంజనీరింగు ప్రవేశ పరీక్షలందు గాని, వైద్యవిద్యకై జరుపు నీట్ పరీక్షయందు గాని సీటు నిర్ణయించునది ర్యాంకు. ర్యాంకు అనగా ఒకడు ఎంత నేర్చినాడను కొలత కాదు; తోటివారికంటె ముందున్నాడా, వెనుక నున్నాడా అను వరుస మాత్రమే. ఒక్కడు రెండు మాసములు ముందుగా బయలుదేరినచో వానికి కొంత మేలు కలుగవచ్చును. అందరును రెండు మాసములు ముందుగా బయలుదేరినచో ఎవ్వడును ముందున్నవాడు కాడు. పందెపు గీత మాత్రము వెనుకకు జరిగినది. సీట్ల సంఖ్య పెరుగలేదు. పిల్లల వేసవి పోయినది. తండ్రుల సొమ్ము పోయినది. ఆ పరీక్షల పాఠ్యప్రణాళిక రెండు సంవత్సరముల ఇంటర్మీడియేట్ చదువునకు సరిపోవునట్లు ఏర్పడినదే గాని, ఇరువదియారు మాసములకు ఏర్పడినది కాదు. నిరుడు ఏప్రిల్‌లో మొదలుపెట్టినవారు ఈ సంవత్సరము తొమ్మిదవ తరగతినుండియే మొదలుపెట్టుటయు, మరునాడు ఆరవ తరగతికి దిగుటయు ఈ న్యాయము ననుసరించియే జరుగుచున్నది. దీనికి అంతమెచ్చట?

చట్టములు లేకపోలేదు. వేసవి సెలవులలో తరగతులు నడుపరాదనియు, ప్రవేశముల ప్రకటన వెలువడకమునుపు విద్యార్థులను చేర్చుకొనరాదనియు ఇంటర్మీడియేట్ బోర్డులు సంవత్సరము వెంట సంవత్సరము హెచ్చరికలు చేయుచున్నవి. కోచింగు కేంద్రముల విషయమున కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకములు ప్రకటించినది. సెకండరీ పరీక్ష ముగియకమునుపు చేర్చుకొనరాదనియు, ర్యాంకులను గూర్చి మోసపు వాగ్దానములు చేయరాదనియు, దినమునకు 5 గంటలకు మించి బోధింపరాదనియు, వారమున కొక దినము సెలవీయవలయుననియు, నడుమ విడిచిపోయినవారికి మిగిలిన కాలపు ఫీజు తిరిగి చెల్లింపవలయుననియు అందు స్పష్టముగా గలదు. విశాఖపట్టణమున 2023లో సంభవించిన ఒక నీట్ విద్యార్థిని మరణమును విచారించుచు సర్వోన్నత న్యాయస్థానము 2025 జూలైలో విద్యార్థుల మానసిక ఆరోగ్యమును గూర్చి దేశమంతటికిని వర్తించు సూత్రములను విధించినది. మార్కులనుబట్టి పిల్లలను వేరు వేరు తరగతులుగా విడదీయుట, పదిమంది యెదుట అవమానించుట కూడదని అందు ఆదేశించినది. మన తెలుగు నేలపై జరిగిన ఒక దుర్ఘటనమువలన దేశమునకంతకు ఇట్టి ఆదేశము అవసరమగుట మనకు కీర్తికరము కాదు.

అయినను బోర్డును మాత్రమే నిందించి ఊరకుండుట న్యాయము కాదు. నిషేధమునకు విరుద్ధముగా ఏప్రిల్‌లో తరగతి నడచుచున్నదన్న, ఆ తరగతికి పిల్లవానిని పంపినవాడు తండ్రియే. కొనువాడు లేక అంగడి నిలువదు. ఒక గ్రామమున పదిమంది గృహస్థులు కూడి, ఫలితములు వచ్చువరకు బయానా చెల్లింపమనియు, జూన్ వరకు పిల్లలను పంపమనియు మాట యిచ్చుకొన్నచో ఆ గ్రామమున పి.ఆర్.ఓ.ల రాకపోకలు తమంతట తామే తగ్గును. ప్రభుత్వము చేయలేని పని కట్టుబాటువలన సాధ్యమగునని కల్లుపాకల పికెటింగు నాటినుండియు మన మెరుగుదుము.

దీనికి పెద్దలు చెప్పు సమాధానములు రెండు. పల్లెటూరి బడిలో చదివిన బిడ్డకు ఇంగ్లీషునందును, గణితమునందును కొరత యుండుననియు, దానిని పూడ్చుటకు వేసవియే తగిన కాలమనియు మొదటిది. ఇందు సత్యము కలదు. దీనిని మేము కాదనము. కాని ఆ కొరత తీర్చుట వేరు, ఇంటర్మీడియేట్ పుస్తకమును ఏప్రిల్‌లో విప్పుట వేరు. పదవ తరగతి బీజగణితమును, త్రికోణమితిని మరల ఒకసారి చేయుటకును, దినమునకొక పుట ఇంగ్లీషు చదివి తెలియని మాటలు నిఘంటువులో చూచుకొనుటకును ఉదయపు రెండు గంటలు చాలును. ఇంట కూర్చుండి, లేదా పొరుగున నున్న ఉపాధ్యాయుని యొద్ద, ఆ పని నిండుగా నెరవేరును. దానికి హాస్టలు అక్కరలేదు.

రెండవది, ఇంటనున్న పిల్లవాడు ఫోను పట్టుకొని చెడిపోవునను భయము. ఇదియు వట్టిది కాదు. అయితే ఆ భయమునకు విరుగుడు కాపలా కాదు, పని. రాత్రి వేళలందు ఫోను చేతికీయక, పగటివేళ బాధ్యతగల పని యొప్పగించిన తల్లిదండ్రులకు ఈ చిక్కు సగము తీరును. ఫలితములు రాగానే మురిసిపోయి మోటారు సైకిలు కొనియిచ్చు తండ్రులను గూర్చియు ఒక మాట చెప్పవలసియున్నది. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము మైనరు బాలుడు బండి నడిపి నేరము చేసినచో సంరక్షకునకో, యజమానునకో 3 సంవత్సరముల వరకు కారాగారమును, 25,000 రూపాయల జరిమానాయును విధింపవచ్చును. ఆ బండి రిజిస్ట్రేషను 12 మాసములు రద్దగును. బహుమతి యీయదలచినవారు పుస్తకముల బీరువాయో, సైకిలో ఈయవచ్చును.

ఇంతవరకు పిల్లవాని మాట చెప్పితిమి. పిల్ల మాట చెప్పవలసివచ్చినప్పుడు మా కలము బరువెక్కుచున్నది. వైశాఖ జ్యేష్ఠములు ముహూర్తముల మాసములు. పదవ తరగతి ముగిసిన వేసవి అనేక గృహములలో కుమారునకు బ్రిడ్జి కోర్సు, కుమార్తెకు పెండ్లిచూపులు. కళాశాల దూరమనియు, బస్సు లేదనియు, కాలము మంచిది కాదనియు, సంబంధము చేజారిపోవుననియు హేతువులు వెదకుదురు. 2019-21 నాటి అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 20 మొదలు 24 సంవత్సరముల వయస్సుగల స్త్రీలలో 18 ఏండ్లు నిండకమునుపే వివాహమైనవారు ఆంధ్రప్రదేశమున నూటికి 29.3, తెలంగాణమున 23.5. భారతదేశపు సగటు 23.3. అనగా ఈ విషయమున రెండు తెలుగు రాష్ట్రములును సగటునకు మించియే యున్నవి. 1881లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులు వితంతు వివాహము జరిపించిన నేల యిది. 1929 నాటి శారదా చట్టమును స్వాగతించిన సంస్కర్తలు తిరిగిన నేల యిది. ఆ చట్టము బాలికకు 14 ఏండ్ల పరిమితి విధించెను. 1978లో అది 18 అయ్యెను. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము పెండ్లి చేసినవారిని, చేయించినవారిని, ప్రోత్సహించినవారిని గూడ శిక్షార్హులను చేసినది. శుభలేఖ అచ్చువేయక పూర్వమే 1098 నంబరునకు ఫోను చేసి ఏ పొరుగువాడైనను ఆపుచేయవచ్చును. కాని చట్టము వచ్చి పందిరి విప్పించుటకంటె తండ్రియే పందిరి వేయకుండుట ఆ యింటికి గౌరవము. పదునారేండ్ల పిల్లకు జూన్ మాసమున కళాశాల బస్సు పాసు తెచ్చి యిచ్చిన తండ్రి, లక్షల కట్నముకంటె విలువగల వస్తువును ఆమె చేతి కిచ్చినవాడగును.

ఇప్పుడు మా ప్రశ్నకు మేమే బదులు చెప్పెదము. ఈ వేసవి ఎన్నికకై యేర్పడిన కాలము. ఎన్నిక యనగా కన్నులు తెరచి చూచి కోరుకొనుట. మన గ్రామములలో ఎం.పి.సి. అనియు, బై.పి.సి. అనియు రెండే దారులున్నట్లు ప్రచారము సాగుచున్నది. సి.ఇ.సి., హెచ్.ఇ.సి. గ్రూపులు చదివి న్యాయవాదులు, లెక్కల పరిశోధకులు, ఉపాధ్యాయులు, పరిపాలనోద్యోగులు అగువారు కలరు. పదవ తరగతి పిమ్మట పాలిసెట్ పరీక్ష వ్రాసి మూడేండ్ల డిప్లొమాకు పాలిటెక్నికులలో చేరవచ్చును. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయము పదవ తరగతి మార్కులనుబట్టి ఆరేండ్ల చదువునకు చేర్చుకొనుచున్నది. నూజివీడు, ఇడుపులపాయలందును, తెలంగాణమున బాసరయందును గల ఆ విద్యాలయములనే జనులు ట్రిపుల్ ఐటీలనుచున్నారు. వ్యవసాయ విశ్వవిద్యాలయముల ఆధ్వర్యమున వ్యవసాయ పాలిటెక్నికులు కలవు. ఇరువది యెకరముల ఆసామి ఇంట పుట్టిన బాలుడు నేల చదువు చదువుట చిన్నతనమని యెవ్వరు చెప్పిరి? వీని దరఖాస్తుల గడువులు ఈ కొలది మాసములలోనే వచ్చి పోవును. బయానా చెల్లించి నిశ్చింతగా నున్న తండ్రి వీనిని చూడనే చూడడు.

కావున ఏప్రిల్, మే మాసములలో పిల్లలకు మొదట చూపవలసినది లోకము. బంధువులలో ఇంజనీరున్నచో ఒక దినము ఆయన పని చేయుచోటికి పంపుడు. పట్టణమున ప్లీడరున్నచో కోర్టు వరండాలో ఒక పూట కూర్చుండబెట్టుడు. ఆసుపత్రిలో నర్సు చేయు పనియు, వడ్రంగి చేతిలోని ఉలియు, సహకార సంఘపు కార్యదర్శి వ్రాయు ఖాతాయు కంటితో చూడనిండు. చూచి వచ్చిన రాత్రి, నీకేమి తోచినదని అడుగుడు. అడిగిన పిమ్మట చెప్పుటకు తొందరపడక వినుడు. ఆ వినుటయే ఈ వేసవికి తండ్రి చేయవలసిన ముఖ్యమైన ఖర్చు.

ఆ పిమ్మట ఇంటి లెక్కలు. బడిలో చక్రవడ్డీ లెక్కలు నూరు చేసిన బాలునకు, నూటికి రెండు రూపాయల వడ్డీ యనగా సంవత్సరమునకు 24 శాతమని తన ఇంటి నోటు చూచునంతవరకు తోచదు. పట్టాదారు పాసు పుస్తకము, అడంగలు లేక పహాణీ, రిజిస్ట్రారు కచేరీనుండి తెచ్చిన ఇ.సి., బ్యాంకు అప్పు కాగితము, ఎరువుల కొట్టు పద్దు ఒకసారి పిల్లవాని యెదుట పరచి చదివింపుడు. కుమార్తె యెదుటను పరచుడు. హిందూ వారసత్వ చట్టమునకు 2005లో జరిగిన సవరణ ప్రకారము పిత్రార్జితమున ఆమెకును సమాన భాగము కలదు. తమ పొలము ఏ సర్వే నంబరులో నున్నదో, గట్టు ఎచ్చటనున్నదో, నీరు ఏ తూమునుండి వచ్చునో తెలిసిన బిడ్డకు హాస్టలు ఫీజు ఎచ్చటినుండి వచ్చుచున్నదో తెలియును. మందలింపు లక్ష సారులు చేసినను రాని పొదుపు దానివలన వచ్చును.

మూడవది గ్రంథాలయము. కట్టు ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మన మందరము చెల్లించుచున్నాము. చెల్లించిన దానిని అనుభవించువారు కొలదిమంది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య మున్నగువారు బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘమును స్థాపించినపుడు వారికి సెస్సు లేదు. 1935లో పాతూరి నాగభూషణము కృష్ణా కాలువపై పెదవడ్లపూడికిని కొల్లూరునకును నడుమ పడవలో పుస్తకములు పెట్టి పంపినపుడు ప్రభుత్వపు బండి లేదు. వేటపాలెము సారస్వత నికేతనము 1918లో గ్రామస్థుల పూనికవలన లేచినది. పాఠ్యపుస్తకము కాని తెలుగు పుస్తకములు నాలుగు ఈ రెండు మాసములలో చదివిన బాలుడు కళాశాలలో ఏ గ్రూపులో చేరినను మాతృభాషకు పరాయివాడు కాడు. ఆ తరువాతి రెండేండ్లలో వానికి ఆ తీరిక దొరకుట దుర్లభము.

తెలుగునాట వేసవి ఎన్నడును వట్టి సెలవు కాదని ఇటీవలివారు మరచినారు. 1930 నాటి దశకమున ఎన్.జి. రంగా నిడుబ్రోలునందు రైతు విద్యాలయము నెలకొల్పి గ్రామ యువకులకు ఆర్థిక రాజకీయ పాఠములు చెప్పించెను. 1937 వేసవిలో కొత్తపట్నమున సముద్రతీరమున యువకులు కూడి రాజకీయ పాఠశాల నడుపగా ప్రభుత్వము దానిని నిషేధించి లాఠీలతో చెదరగొట్టెను. ఎండలో ఇసుకపై కూర్చుండి చదువుకొను పిల్లలను చూచి ఒక సామ్రాజ్యము భయపడెను. నేడు అట్టి భయము ఎవ్వరికిని లేదు. ఏలయన మన పిల్లలు ఏప్రిల్ మాసముననే నాలుగు గోడల నడుమ నున్నారు.

కూలి చేసికొను కుటుంబముల బిడ్డల సంగతి మరువరాదు. వారికి ఈ వేసవి మిరప కల్లములందును, ఇటుక బట్టీలయొద్దను గడచును. జూన్ వచ్చుసరికి కళాశాల మాట మరుగున పడును. మన పొలమున పని చేయు పాలికాపు బిడ్డ పదవ తరగతి గట్టెక్కినాడా, దరఖాస్తు పెట్టినాడా, ధ్రువపత్రములు తీసికొన్నాడా అని అడుగుట భూస్వామికి భారము కాదు. తన కుమారుని వెంట వానిని గూడ మండల కచేరీకి కొనిపోయి కులాదాయ పత్రములు తెప్పించుటకు ఒక దినము చాలును. తన బిడ్డకు లక్షలు వెచ్చించి ఎదుటివాని బిడ్డకు ఒక దినము వెచ్చింపలేని ధనము దేశమునకు కొరగానిది.

ఈ వేసవిలో పదునారేండ్లున్న బిడ్డకు మరి రెండేండ్లలో ఓటు హక్కు వచ్చును. 1989నుండి ఆ హక్కు 18వ యేటనే కలుగుచున్నది. దేశ భవిష్యత్తును ఎన్నుకొనుమని మనము చేతికి హక్కు నొసగు వ్యక్తిని, తన చదువును తాను ఎన్నుకొనుటకు రెండు మాసములైనను విడువకున్నచో, ఆ ఓటును ఎవ్వరు వాడుకొందురు? మొక్కై వంగనిది మానై వంగునా యని మనవారు తరచుగా చెప్పుదురు. వంగుటను గూర్చియే గాని నిలువుగా పెరుగుటను గూర్చి తలంచువారు తక్కువ. స్వరాజ్యము వచ్చినది, అయినను ఇంటిలోని బిడ్డకు ఆ స్వరాజ్యము ఎక్కడ మొదలగునో మన మింకను నిర్ణయింపలేదు. అది ఈ వేసవియందు మొదలగుట మంచిదని మా యభిప్రాయము. ఏప్రిల్ నాటి బయానా జేబులో నుండనిండు. కుమారుని, కుమార్తెను ఎదుట కూర్చుండబెట్టుకొని, వారేమి కోరుచున్నారో అడుగుడు.